హెడ్‌విగ్‌ని చూసి నవ్వే ముందు

ఈ పిట్టకథ మీరూ వినే ఉంటారు. ఇబ్సెన్ ‘డాల్స్ హౌస్’ రాశాడు. చివర్లో నోరా మొగుణ్నీ ముగ్గురు పిల్లల్నీ వదిలేసి, తలుపు ధడాల్న వేసి వెళ్ళిపోతుంది. జర్మనీలో ఆ వేషం వెయ్యాల్సిన నటి ఒకావిడ, నేనైతే నా పిల్లల్ని ఎప్పటికీ వదిలి వెళ్ళను, ఆ ముగింపు ఆడను అని మొండికేసింది. పాపం ఇబ్సెన్, ఇక దారిలేక ఇంకో ముగింపు రాసిచ్చాడు. అందులో నోరా ఆగిపోతుంది. అంతే కథ. అందరం నవ్వుతాం.

పోయినేడాది మా రీడింగ్ గ్రూపులో ఈ కథ చెప్పింది నేనే. ఆదివారం సాయంత్రం, ఒక కఫే మేడమీద, పదిమందిమి ఉంటాం. బాగానే పేలింది. నవ్వులు ఆగాక ఒకమ్మాయి అడిగింది: "ఇంతకీ ఆవిడ పేరేంటి?"

నాకు తెలీదు. ఇబ్సెన్ నాటకాల పేర్లు ఏ ఏడాదికి ఆ ఏడాది వరసగా చెప్పగలను. ఆ నటి పేరు మాత్రం తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. పేరు తెలీని మనిషిని ఏడెనిమిదేళ్ళుగా వెక్కిరిస్తున్నాను.

ఆవిడ పేరు హెడ్‌విగ్ నీమన్-రాబె. ఈ వ్యాసం ఆవిడ తరఫున వకాల్తా అనుకోండి. ఆవిడ తప్పు దగ్గరికి కూడా వస్తాను, దాటెయ్యను. కానీ మనం ఈ పిట్టకథ చెప్పుకునే పద్ధతి మాత్రం మోసం. ముందూ వెనకా కోసేసి, మధ్యలో ఒక తెలివితక్కువ ఆడమనిషినీ ఒక మహానుభావుణ్నీ నిలబెట్టి చెప్తాం. కోసేసిన ముక్కల్లో ఏముందో చూద్దాం.

హెడ్‌విగ్ 1844లో మాగ్డెబుర్గ్‌లో పుట్టింది. చిన్న వయసులోనే రంగస్థలం ఎక్కింది. 1864 నుంచి 1868 దాకా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న జర్మన్ కోర్ట్ థియేటర్లో పనిచేసింది. అక్కణ్నుంచి వచ్చాక ఒక ఊళ్ళో స్థిరంగా ఉండే ఉద్యోగం కాకుండా, ఊరూరా తిరుగుతూ అక్కడి కంపెనీలతో కలిసి ఆడే గెస్ట్ స్టార్ అయింది. 1871లో ఆల్బర్ట్ నీమన్‌ని పెళ్ళి చేసుకుంది. ఆయన ఆ కాలపు పెద్ద టెనర్ గాయకుడు. 1861లో పారిస్‌లో వాగ్నర్ ‘టాన్‌హోయిజర్’ పాడినవాడు, 1876లో బైరాయిట్‌లో ‘రింగ్’ మొదటిసారి పూర్తిగా ఆడినప్పుడు సీగ్‌మున్డ్ ఆయనే.

అప్పటి జర్మన్ థియేటర్లో ‘ఫాఖ్’ అని ఒక పద్ధతి ఉండేది. మా ఫీల్డులో ఫ్రంటెండ్, బ్యాకెండ్, టెస్టింగ్ అని మనుషుల్ని డబ్బాల్లో వేసినట్టు, నటీనటుల్ని పాత్రల రకాన్ని బట్టి విడగొట్టి, ఆ రకం పేరు మీదే కాంట్రాక్టు రాసుకునేవాళ్ళు. వీరనాయిక ఒకరు, కన్నీటి నాయిక ఒకరు, డ్రాయింగ్ రూమ్ దొరసాని ఒకరు. హెడ్‌విగ్‌ది ‘నయీవె’ ఫాఖ్, అంటే అమాయకపు పిల్ల. షార్లొట్ బిర్ష్-ఫైఫర్ నాటకాల్లో ఉండే పల్లెటూరి చిలిపి పిల్లల వేషాలు ఆవిడకి పేరు తెచ్చాయి. జనం టికెట్టు కొనుక్కుని వచ్చేది ఆ నవ్వు కోసం, ఆ గెంతులాట కోసం. ఆవిడ అమ్మే సరుకు అదే. 1880లో ‘నోరా’ చేతికొచ్చేసరికి ఆవిడకి 35 ఏళ్ళు. అమాయకపు పిల్లల వేషాలు ఇంకా ఎన్నాళ్ళు వెయ్యగలదో ఆవిడకే తెలియాలి.

ఇంకో సంగతి. 1869లో ఉత్తర జర్మనీలో వ్యాపారాల మీద ఆంక్షలు సడలించిన చట్టం వచ్చింది. థియేటర్ పెట్టడం కూడా ఒక వ్యాపారమైపోయింది. ప్రైవేటు థియేటర్లు పుట్టగొడుగుల్లా లేచాయి, అంతే వేగంగా మూతపడ్డాయి. చాలా థియేటర్లలో సమకాలీన నాటకాలకి వేసుకునే గౌన్లు నటీమణులే సొంత డబ్బుతో కుట్టించుకోవాలి. నటీనటులు ఒక సంఘంగా కూడుకున్నది 1871లో, వైమర్‌లో. ఆల్బర్ట్ నీమన్ మొదటి భార్య మరీ జేబాఖ్ కూడా గొప్ప నటే. ఆవిడ పూనికతో 1895లో అదే వైమర్‌లో వయసైపోయిన రంగస్థల కళాకారుల కోసం ఒక ఆశ్రమం వెలిసింది. అలాంటిదొకటి కావాలని ఒక పెద్ద నటికి అనిపించిందంటే, పేరు లేనివాళ్ళ ముసలితనం ఎలా గడిచేదో ఊహించుకోవచ్చు.

ఈ నేపథ్యంలో ఇప్పుడు ఆ గొడవ చూడండి.

‘డాల్స్ హౌస్’ 1879 డిసెంబర్ 4న కోపెన్‌హేగెన్‌లో పుస్తకంగా వచ్చింది. అదే నెల 21న అక్కడి రాయల్ థియేటర్లో ఆడారు. జర్మనీకీ స్కాండినేవియా దేశాలకీ మధ్య అప్పటికి కాపీరైట్ ఒప్పందం లేదు. జర్మనీలో ఎవడైనా ఆ నాటకాన్ని అనువాదం చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఆడుకోవచ్చు. ఇబ్సెన్‌కి పైసా ఇవ్వక్కర్లేదు, చెప్పనక్కర్లేదు. మా భాషలో చెప్పాలంటే, ఎవడైనా ఫోర్క్ చేసుకోగల కోడ్.

1880 ఫిబ్రవరి 17న మ్యూనిక్ నుంచి ఇబ్సెన్ ఒక డేనిష్ పత్రికకి ఉత్తరం రాశాడు. ముగింపు ఎందుకు మార్చి రాశాడో అందులో చెప్పాడు. ఆ కారణంలో మొండికేసిన నటి లేదు. బెర్లిన్‌లో ఉన్న ఆయన అనువాదకుడు, ఏజెంటు విల్‌హెల్మ్ లాంగె ఆయన్ని హెచ్చరించాడట: ఎవరో ముగింపు మార్చేసి ఇంకో అనువాదం తేబోతున్నారు, ఉత్తర జర్మనీ థియేటర్లు కొన్ని దాన్నే ఎంచుకునేట్టున్నాయి అని. ఎవడో చెడగొట్టేకంటే నేనే చెడగొడతానని, అత్యవసరమైతేనే వాడమని ఒక ముక్క రాసి పంపాడు ఇబ్సెన్. అది నాటకం మీద చేసిన అనాగరికమైన దౌర్జన్యమని ఆయనే ఒప్పుకున్నాడు. వాడేవాళ్ళు నా ఇష్టానికి విరుద్ధంగా వాడుతున్నారని కూడా అన్నాడు. బయటివాడు దొంగ ప్యాచ్ తెచ్చేలోపు తనే అఫీషియల్ ప్యాచ్ రిలీజ్ చేశాడన్నమాట. ఆ మర్నాడే వియన్నాలో థియేటర్ నడిపే హైన్రిష్ లౌబెకి రాస్తూ, రెండిట్లో ఏది ఆడాలో ఆయనకే వదిలేశాడు.

ఇబ్సెన్‌ని తప్పుపట్టడానికి ఇదంతా చెప్పట్లేదు. రాత మీద బతికే మనిషి చేసిన లెక్క అది, అర్థమవుతుంది. నా ప్రశ్న వేరే. ఇబ్సెన్ రాజీపడితే దానికి పరిస్థితులు అని పేరు. హెడ్‌విగ్ రాజీ అడిగితే దానికి మొండితనం అని పేరు. ఆ తేడా ఎక్కణ్నుంచి వచ్చింది?

ఈ నాటకాన్ని మార్చింది ఆవిడ ఒక్కతే కాదు కూడా. 1884లో లండన్‌లో హెన్రీ ఆర్థర్ జోన్స్, హెన్రీ హెర్మన్ అనే ఇద్దరు మగ రచయితలు ‘బ్రేకింగ్ ఎ బటర్‌ఫ్లై’ అని దీన్ని మొత్తంగా తిరగరాశారు. అందులో మొగుడు భార్య చేసిన నేరాన్ని తన నెత్తిన వేసుకుంటాడు, ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. ఇబ్సెన్ నాటకంలో నోరా ఏ అద్భుతం జరుగుతుందని ఎదురుచూసిందో, ఏది జరగలేదని బయటికి నడిచిందో, సరిగ్గా దాన్నే తీసుకొచ్చి జరిపించేశారు. దాంతో పోలిస్తే హెడ్‌విగ్ అడిగింది చిన్న మార్పు. 1891లో ఇటాలియన్ అనువాదకుడు లుయీజీ కపువానా వైపు నుంచి కూడా ముగింపు మార్చే ప్రస్తావన ఇబ్సెన్ దాకా వెళ్ళింది. అప్పటికి పేరు గట్టిపడ్డ ఇబ్సెన్ ఒప్పుకోలేదు. ఆ ఏడాది మిలాన్‌లో ఎలియొనొరా డూజే అసలు ముగింపుతోనే ఆడింది. జోన్స్ మీదా కపువానా మీదా పిట్టకథలు విన్నారా ఎప్పుడైనా? నేను వినలేదు.

అసలు ముగింపుని మొదట్లో ఎవరు ఆడగలిగారో చూస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కోపెన్‌హేగెన్‌లో బెట్టీ హెన్నింగ్స్. ఆవిడా అమాయకపు పిల్లల వేషాలకి పేరుపడ్డ నటే, కానీ రాయల్ థియేటర్ నటి. 1880 మార్చి 3న మ్యూనిక్‌లో మరీ రామ్లో. ఆవిడ ఆడింది కోర్ట్ థియేటర్ వారి వేదిక మీద. వెనక రాజుగారి ఖజానా ఉన్నచోట నోరా తలుపేసుకుని వెళ్ళిపోగలిగింది. ఆ రోజు టికెట్లు తెగితేనే ఆ రోజు కూలి దొరికే చోట గుమ్మం దగ్గర ఆగిపోయింది. రామ్లోకీ హెన్నింగ్స్‌కీ ధైర్యం లేదనను. ఆ ధైర్యానికి కింద నేల ఉంది. గెస్ట్ స్టార్‌కి అది లేదు.

ఇక ఆవిడ తప్పు.

నేనైతే అలా చెయ్యను కాబట్టి ఈ పాత్ర చెయ్యదు అనే వాదన కళలో చెల్లదు. అలాగైతే మెడియా వేషం ఎవరూ వెయ్యకూడదు. నటి తన బతుకుని కొలబద్దగా పెట్టి పాత్ర బతుకుని కత్తిరించడం తప్పే. పైగా ఆ నాటకం నిర్మాణమే ఆ చివరి సీను మీద ఉంది. మొదటి అంకంలో నోరా అచ్చంగా హెడ్‌విగ్ ఫాఖ్: దొంగచాటుగా మిఠాయిలు తింటుంది, మొగుడు ఉడతా పిట్టా అని పిలిస్తే గెంతుతుంది. రెండో అంకంలో టారంటెల్లా నాట్యం. మూడో అంకం చివర ఆ వేషం తీసేసి, బల్లకి అటూ ఇటూ కూర్చుని, ఎనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి సీరియస్‌గా మాట్లాడదాం అంటుంది. నా ఉద్దేశంలో ఇబ్సెన్ ఇక్కడ మొగుణ్ని ఎంత కొట్టాడో, అమాయకపు పిల్లని చూడ్డానికి టికెట్టు కొన్న ప్రేక్షకుణ్ని కూడా అంతే కొట్టాడు. ఇన్నాళ్ళూ మీరు చప్పట్లు కొట్టింది ఒక బొమ్మకి అని చెప్పాడు. ఆ బొమ్మని ఇరవయ్యేళ్ళుగా ఆడి తిండి తింటున్న నటి చేతికి ఆ పాత్ర ఇవ్వడం అంటే, ఆవిడ దుకాణాన్ని ఆవిడ చేతే మూయించడం. చెయ్యాల్సిందా? చెయ్యాల్సిందే. భయపడ్డదా? భయపడ్డదనే అనుకుంటాను. పిల్లల మాట ఆ భయానికి తొడుగు కావచ్చు, నిజంగా నమ్మినదీ కావచ్చు. రెండూ అయ్యుండటానికి కూడా అడ్డేమీ లేదు.

అయితే మార్చిన ముగింపుని అందరూ సుఖాంతం అంటారు చూడండి, దాన్ని నేనొప్పుకోను. అందులో హెల్మర్ నోరాని పిల్లల గది గుమ్మం దాకా లాక్కొస్తాడు. రేపు పొద్దున్న వాళ్ళు లేచేసరికి తల్లి లేని పిల్లలు అంటాడు. నోరా తట్టుకోలేక, ఇది నాకు నేను చేసుకునే ద్రోహం, అయినా వాళ్ళని వదలలేను అన్న అర్థంలో ఒక మాట అని, ఆ గుమ్మం దగ్గరే కూలబడుతుంది. తెర. ఇందులో సుఖం ఎవరికి? మొగుణ్ని క్షమించలేదు. పెళ్ళి మీద నమ్మకం తిరిగి రాలేదు. అంతా అర్థమైపోయాక కూడా ఆగిపోవడం అది. నాటకంగా బలహీనం, ఒప్పుకుంటాను. కానీ నోరా పాత్రకి ప్రేరణ అయిన లారా కీలర్ బతుకు ఈ రెండో ముగింపుకే దగ్గర. మొగుడి క్షయ నయం చేయించడానికి అప్పు చేసింది. తీర్చలేక ఫోర్జరీకి దిగింది. విషయం బయటపడ్డాక మొగుడు ఆవిణ్ని పిచ్చాసుపత్రిలో వేశాడు, పిల్లలకి దూరం చేశాడు. నెల తర్వాత బయటికొచ్చి, పిల్లల కోసం ఆ ఇంటికే తిరిగి వెళ్ళింది.

తెలిసీ ఆగిపోయిన అలాంటి ఆడవాళ్ళు మీకెంతమంది తెలుసు? నాకు మా బంధువుల్లోనే చాలామంది తెలుసు. తలుపు వేసుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఇద్దరు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసం దొంగ వ్యాసం అవుతుంది. గతంలో పనిచేసిన ఒక కంపెనీలో మా టీమ్‌లో ఒకావిడకి ఆన్‌సైట్ అవకాశం వచ్చింది, ఏడాదిన్నర. మా అందరిలోకీ పని బాగా తెలిసింది ఆవిడే. బాబుకి రెండేళ్ళు, వదిలి వెళ్ళలేనండీ అంది. మీటింగ్ రూమ్‌లోంచి ఆవిడ బయటికెళ్ళాక ఎవరో జోకేశారు. నేనూ నవ్వాను. ఆ సీటులో ఇంకో కొలీగ్ వెళ్ళాడు. అతనికీ ఇద్దరు చిన్నపిల్లలే. పిల్లల్ని ఎలా వదిలి వెళ్తున్నావని అతన్ని ఎవరూ అడగలేదు. వీడ్కోలుకి కేక్ కోయించాం.

హెడ్‌విగ్ మాట నాకు ఆ మీటింగ్ రూమ్‌లోంచే వినిపిస్తుంది. ఆవిడ భర్త ఆల్బర్ట్ 1886లో న్యూయార్క్ వెళ్ళి మెట్రొపాలిటన్ ఒపెరాలో అమెరికాకి మొదటి ‘ట్రిస్టన్’ పాడాడు. అది ఆయన కెరీర్లో ఘనత. ఇబ్సెన్‌కి 18 ఏళ్ళప్పుడు గ్రిమ్‌స్టాడ్‌లో తను పనిచేసే మందుల షాపు వాళ్ళింటి పనిమనిషితో ఒక కొడుకు పుట్టాడు. పోషణకి డబ్బు కట్టాడు, అంతవరకే, ఆ పిల్లాడి బతుకులో ఆయన లేడు. దీనివల్ల ‘డాల్స్ హౌస్’ విలువ వీసమెత్తు తగ్గదు. కానీ మగవాడు పిల్లల్ని వదిలి వెళ్ళడం జీవితచరిత్రలో ఒక పేరా. ఆడది వెళ్తే యూరప్ అంతా వాదించుకోవాల్సిన నాటకం. వెళ్ళనంటే వందేళ్ళు నవ్వుకోవాల్సిన పిట్టకథ. వెళ్తే రాక్షసి, వెళ్ళనంటే వెనకబడ్డ మనిషి. మెజారిటీ సభ ఇంట్లో ఉంటే ఒక నింద, మన రీడింగ్ గ్రూపులో ఉంటే ఇంకో నింద.

"మరి అభ్యుదయం వైపు నిలబడొద్దా?" అని మీరనొచ్చు. నిలబడాలి. నోరా వెళ్ళాల్సిందే, ఆ ముగింపులో అక్షరం ముట్టుకోకూడదు అనేదే నా మాట కూడా. నేను వద్దంటున్నది ఆ అభ్యుదయానికి రుజువుగా ఒక ఆడమనిషిని నిలబెట్టి నవ్వడం. థియేటర్ మేనేజర్ల లెక్క, కాపీరైట్ లేని చట్టం, బొమ్మనే చూస్తామనే జనం, నోరా వెళ్ళిపోతే పిల్లల మీద అధికారమంతా తండ్రికే ఉంచే ఆ కాలపు న్యాయం, వీటన్నిటినీ మాయం చేసి, మొత్తం బరువు ఒక నటి నెత్తిన పెట్టడం చాలా సులువు. విమర్శ అంటే ఆ సులువైన పని కాదని మనం అనుకుంటున్నాం కదా.

చివరిగా, పిట్టకథలో ఎప్పుడూ కోసేసే ఆఖరి ముక్క.

మార్చిన ముగింపు 1880 ఫిబ్రవరిలో ఫ్లెన్స్‌బుర్గ్‌లో మొదలై జర్మనీలో కొన్ని ఊళ్ళు తిరిగింది. ఆ నవంబర్లో బెర్లిన్ రెసిడెన్స్ థియేటర్లోనూ నాటకం వచ్చింది. కానీ ఆ ముగింపు ఎక్కడా అతకలేదు. రెండున్నర గంటలు కట్టుకుంటూ వచ్చినదాన్ని అయిదు నిమిషాల్లో కూల్చితే జనానికీ తెలిసిపోతుంది. కొన్నాళ్ళకి హెడ్‌విగ్ దాన్ని వదిలేసి అసలు ముగింపుకే వచ్చేసింది. అంటే, పిల్లల్ని వదిలి వెళ్ళనన్న ఆ నటే, అమాయకపు పిల్లగా పేరు తెచ్చుకున్న ఆ నటే, తర్వాత బల్ల దగ్గర కూర్చుని ఆ మాటలన్నీ చెప్పి, లేచి, తలుపేసుకుని బయటికి నడిచింది.

ఆ రాత్రి ఆవిడేమనుకుందో ఎవరూ పిట్టకథగా చెప్పుకోలేదు. ఒక మనిషి మనసు మార్చుకోవడంలో నవ్వడానికేమీ ఉండదు కాబట్టి కావచ్చు. కానీ నోరా కథ కూడా సరిగ్గా అదే కదా, ఒక మనిషి మనసు మార్చుకోవడం.

హెడ్‌విగ్ 1905లో బెర్లిన్‌లో పోయింది. ఈ కథ మీరు ఇంకెక్కడైనా చెప్పండి, మానమని అనను. పేరుతో చెప్పండి, చివరిదాకా చెప్పండి. వచ్చే ఆదివారం మా గ్రూపులో నేను అలాగే చెప్పబోతున్నాను. పేరు అడిగిన అమ్మాయి ఆ తర్వాత మా మీటింగులకి రావడం మానేసింది. ఈ వ్యాసం చదివితే, తన ప్రశ్నకి జవాబు ఏడాది ఆలస్యంగా ఇస్తున్నందుకు క్షమించమని అడుగుతున్నాను.